ఇంగ్లీషు ఒకటే, పేపర్లు రెండెందుకు?

ప్రశ్న: మాస్టారూ, మాది బరంపురం. ఇచ్ఛాపురంలో తెలుగు మీడియంలో ఇంటర్మీడియట్ వరకు చదువుకుని, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. మా వారికి పట్టుచీరల దుకాణం ఉంది. మా అమ్మాయి ఐసీఎస్‌ఈ బడిలో తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. వార్షిక పరీక్షలో ఇంగ్లీష్ లాంగ్వేజ్‌లో నూటికి 82 వచ్చాయి, లిటరేచర్‌లో 54. రెండూ ఇంగ్లీషే కదా, ఇంత తేడా ఎందుకు వచ్చిందని అడిగితే ‘లిటరేచర్ వేరమ్మా, నీకు అర్థం కాదు’ అంటోంది. ట్యూషన్ మాస్టారు అచ్చువేసిన జవాబులు ఇస్తున్నారు. అవన్నీ బట్టీ పట్టినా మార్కులు రావడం లేదు. కథలూ పద్యాలూ చదివితే ఉద్యోగం వస్తుందా, గ్రామరు బాగుంటే చాలదా అని మా వారి వాదన. ఇంగ్లండులో ఉన్న మా అక్క కొడుక్కి కూడా ఇవి రెండు వేర్వేరు సబ్జెక్టులట. అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి? దేని మీద శ్రద్ధ పెట్టించాలి? ప్లస్ టూలో ఏం తీసుకోవాలి? ఇంకొక మాట. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు కావడం వల్ల పిల్ల తికమక పడుతోందని, ఇంట్లో తెలుగు తగ్గించమని ట్యూషన్ మాస్టారు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ మార్కుల దగ్గర నేను ఆగలేదు. ‘నీకు అర్థం కాదు’ అని మీ అమ్మాయి అన్న చోట ఆగాను. పిల్ల పొగరుతో అన్నదని నేను అనుకోవడం లేదు. లిటరేచర్ అంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకు మాత్రమే తెలిసే రహస్యమని ఎవరో ఆమెను నమ్మించారు. ఆ నమ్మకమే ఆమె మార్కులను తినేస్తోంది. లిటరేచర్ పేపరు విషయంలో ఆ పిల్లకు అందరికంటే ఎక్కువ సాయం చేయగలవారు మీరే. ఇంగ్లీషు పుస్తకం ఒక్క పేజీ చదవకుండానే చేయగలరు. అది ఎలాగో చెప్పాలంటే ముందు పేపర్ల సంగతి చెప్పాలి.

ఐసీఎస్‌ఈ పదో తరగతిలో లాంగ్వేజ్ పేపరు రెండు గంటలు, 80 మార్కులు. అందులో కంపోజిషన్‌కు 20, ఉత్తరానికి 10, నోటీసుకూ ఈమెయిల్‌కూ కలిపి 10, కాంప్రహెన్షన్‌కు 20, గ్రామరుకు 20. మిగిలిన 20 మార్కులు బడిలోనే, వినడం మీదా మాట్లాడటం మీదా వేస్తారు. ఈ పేపరులో పాఠ్యపుస్తకం నుంచి ఒక్క ప్రశ్న కూడా రాదు. పరీక్ష గదిలో పిల్ల మొదటిసారి చూసే పేరా ఇచ్చి, దీన్ని అర్థం చేసుకో అంటారు. అప్పటికప్పుడు ఒక విషయం ఇచ్చి, దీని మీద 300 నుంచి 350 మాటలు రాయి అంటారు. ముందు ఏం చదివావన్నది అక్కడ ఎవరికీ పట్టదు. ఇప్పుడు ఏం చేయగలవన్నదే లెక్క.

లిటరేచర్ పేపరూ 80 మార్కులదే, మిగిలిన 20 రాతపని మీద బడిలో వేసేవి. దారి మాత్రం పూర్తిగా ఎదురు. నాటకం, కథలు, కవితలు ముందే నిర్ణయించి ఉంటాయి. వాటిని రెండేళ్ళపాటు చదువుతారు. పరీక్షలో వచ్చేది ప్రతిదీ తెలిసిన పుస్తకం నుంచే. చివరికి ఈ రెండు పేపర్ల సగటే ‘ఇంగ్లీషు’ అన్న ఒక్క మార్కుగా వస్తుంది. 82, 54 కలిపి సగటు వేస్తే 68. మీ అమ్మాయి లాంగ్వేజ్‌లో కష్టపడి తెచ్చుకున్నది కాస్తా లిటరేచర్ పక్కనుంచి జారిపోతోందన్నమాట.

తెలియని పేరా ఇచ్చినప్పుడు 82 తెచ్చుకున్న పిల్ల, రెండేళ్ళు చదివే పుస్తకంలో 54 దగ్గర ఆగిపోవడం వింతగా లేదూ? కారణం ప్రశ్న తీరులో ఉంది. ఒక ఉదాహరణతో చెబుతాను. ఈ మధ్య సంవత్సరాల్లో ఐసీఎస్‌ఈ పిల్లలకు షేక్‌స్పియర్ నాటకం ‘జూలియస్ సీజర్’ పాఠ్యంగా ఉంది. అందులో సీజర్‌ను బ్రూటస్, అతని మిత్రులు కలిసి పొడిచి చంపుతారు. సీజర్‌కు అధికార దాహం ఎక్కువైంది, రోము కోసమే చంపాం అని బ్రూటస్ జనానికి చెప్పుకుంటాడు. జనం ఒప్పుకుంటారు. తర్వాత సీజర్ స్నేహితుడు ఆంటొనీ మాట్లాడతాడు. మమ్మల్ని నిందించకూడదు అనే షరతు మీదే బ్రూటస్ అతన్ని మాట్లాడనిచ్చాడు. ఆంటొనీ పైకి ఆ షరతు తప్పడు. బ్రూటస్ గౌరవనీయుడు అంటాడు. సీజర్ బందీలను తెచ్చి, వాళ్ళ విడుదలకు వచ్చిన సొమ్ముతో ఖజానా నింపాడు, అయినా బ్రూటస్ గౌరవనీయుడు. పేదలు ఏడిస్తే సీజర్ కన్నీరు పెట్టాడు, బ్రూటస్ గౌరవనీయుడు. కిరీటం ఇవ్వబోతే మూడుసార్లు వద్దన్నాడు, బ్రూటస్ గౌరవనీయుడు. ఆ ప్రసంగం ముగిసేసరికి అదే జనం బ్రూటస్ ఇల్లు తగలబెట్టడానికి పరుగెత్తుతారు.

ఆ ‘గౌరవనీయుడు’ అన్న మాటను లాంగ్వేజ్ పేపరు చేతికి ఇస్తే ఏం అడుగుతుంది? ఆ విశేషణానికి నామవాచక రూపం ఏమిటి? దాన్ని సొంత వాక్యంలో వాడు. ఈ వాక్యాన్ని అర్థం మారకుండా మరోలా రాయి. లిటరేచర్ పేపరు చేతికి ఇస్తే ఒకే ఒక్క ప్రశ్న: పొగడ్తగా మొదలైన ఆ మాట నాలుగోసారికి తిట్టుగా ఎలా మారింది?

చాలా ఏళ్ళ కిందట ఒడిశా సరిహద్దులోని ఒక బడిలో ఈ ఘట్టం చెబుతూ నేను ఇదే ప్రశ్న వేశాను. తరగతి అంతా మౌనం. ఇంగ్లీషులో చెప్పాలన్న భయంతో వచ్చిన మౌనమని గ్రహించి, ఏ భాషలోనైనా చెప్పండి అన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి తెలుగులో చెప్పింది. ‘మా అమ్మమ్మ కూడా ఇంతే మాస్టారూ. మా పెద్దల్లుడు బంగారం అంటుంది. పండక్కి పిలిస్తే రాలేదు, బంగారం. మామగారికి ఒంట్లో బాగాలేదంటే చూడటానికైనా రాలేదు, బంగారం మా అల్లుడు అంటుంది.’ పిల్లలంతా గొల్లున నవ్వారు. మరి మీ అమ్మమ్మ నేరుగా తిట్టవచ్చు కదా అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ‘ఎలా తిడుతుందండీ? మా పెద్దమ్మ ఆ ఇంట్లోనే ఉండాలి కదా’ అంది.

అమ్మా, ఆ జవాబు చూడండి. తిట్టడానికి వీల్లేని చోట మనిషి పొగడ్తనే కత్తిగా వాడతాడు. ఆంటొనీకి అడ్డం బ్రూటస్ పెట్టిన షరతు, అమ్మమ్మకు అడ్డం కూతురి కాపురం. ఆ పిల్లకు షేక్‌స్పియర్ అర్థమయ్యాడు, అదీ తన ఇంటి తెలుగులోంచి అర్థమయ్యాడు. ఆ రోజు అదే జవాబును ఇంగ్లీషులో రాయమన్నాను. రాసింది. ఆర్టికల్స్ కొన్ని తప్పాయి, ఒకచోట కాలం తప్పింది. అయినా ఆ తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను. తప్పులు దిద్దడం తర్వాత అరగంట పని. ఆ ఆలోచనను ఎవరూ బయటి నుంచి తెచ్చి పెట్టలేరు.

నాకు తెలిసిన అసలు తేడా ఇక్కడే ఉంది. లాంగ్వేజ్‌ను ఇంగ్లీషులోనే సాధన చేయాలి, దానికి అడ్డదారి లేదు. లిటరేచర్ గురించి మాత్రం ఏ భాషలోనైనా ఆలోచించవచ్చు. తెలుగులో ఆలోచించి, ఒడియాలో వాదించి, చివరికి ఇంగ్లీషులో రాయవచ్చు. మన సరిహద్దు బడుల్లో దీన్ని తలకిందులు చేస్తున్నారు. సాధనతో రావలసిన లాంగ్వేజ్‌కు రూల్సు వల్లె వేయిస్తున్నారు. ఆలోచనతో రావలసిన లిటరేచర్‌కు జవాబులు వల్లె వేయిస్తున్నారు.

ట్యూషన్ మాస్టారు ఇచ్చిన అచ్చు జవాబుల గురించి నేను మెత్తగా చెప్పను. అవి పిల్లకు హాని చేస్తున్నాయి. వాటిలో ఏముంటుందో నాకు తెలుసు: కథ సారాంశం, పాత్ర స్వభావం, రచయిత సందేశం. ఏం జరిగిందో చెబుతాయి. పరీక్షలో మాత్రం ఆ మాటే ఎందుకు వాడాడు, ఈ వాక్యం ఇక్కడే ఎందుకు ఆగింది, ఈ పాత్ర ఇప్పుడు మాట మార్చడానికి కారణం ఏమిటి అని అడుగుతారు. అలాంటి ప్రశ్నలు ఏటేటా పెరుగుతున్నాయి కూడా. మీ అమ్మాయి కథ అంతా తప్పులేని ఇంగ్లీషులో తిరిగి చెప్పి ఉంటుంది. దిద్దేవారు సగం మార్కులు వేసి ఊరుకుని ఉంటారు. ఆమె లిటరేచర్ జవాబు పత్రం ఒకసారి బడి నుంచి అడిగి తీసుకుని చూడండి. మార్కులు తగ్గిన చోటల్లా ప్రశ్నలో ‘వై’, ‘హౌ’ అన్న మాటలు ఉన్నాయో లేవో గమనించండి. ఆ రెండు మాటలు గుర్తుపట్టడానికి మీ ఇంటర్మీడియట్ చదువు చాలు.

ఇంకొక చిన్న సంగతి కూడా ఆ నాటకంలోంచే చెప్పాలనిపిస్తోంది. బ్రూటస్ తన ప్రసంగం వచనంలో చేస్తాడు, ఆంటొనీ పద్యంలో చేస్తాడు. ఒకడు లెక్క చెప్పినట్టు చెబుతాడు, ఇంకొకడు గుండెను పట్టుకుని ఊపుతాడు. కళ్ళతో చదివితే ఈ తేడా తెలియదు, గట్టిగా చదివితే చెవికి తెలుస్తుంది. అచ్చు జవాబులో ఈ విషయం ఒక పాయింటుగా ఉండవచ్చు. విన్న పిల్ల రాసే వాక్యానికీ, వల్లె వేసిన పిల్ల రాసే వాక్యానికీ తేడాను దిద్దేవారు రెండో వరుసకే కనిపెడతారు.

లాంగ్వేజ్‌లో 82 వచ్చాయి కాబట్టి అక్కడ పనిలేదని కాదు. ఆ పోయిన 18 ఎక్కడ పోయాయో మన పిల్లల విషయంలో నేను కొంతవరకు ఊహించగలను. తెలుగులో ఆర్టికల్ లేదు. ‘పుస్తకం తెచ్చాను’ అంటే ఏదో ఒక పుస్తకమా, నువ్వు అడిగిన పుస్తకమా అన్నది సందర్భమే చెబుతుంది. అందుకే మన పిల్లలు ‘ఎ’, ‘ది’ దగ్గర తడబడతారు. కానీ మీ అమ్మాయికి ఒడియా వచ్చు. ఒడియాలో ‘గోటే పిలా’ అంటే ఎవరో ఒక పిల్లవాడు, ‘పిలాటి’ అంటే మనకు తెలిసిన ఆ పిల్లవాడు. ఇంగ్లీషులో మాటకు ముందు చేరే పనిని ఒడియాలో మాట చివర ‘టి’, ‘టా’ చేస్తున్నాయి. సందేహం వచ్చిన ప్రతి చోటా ఒడియాలో అనుకుని చూడమనండి. ఈ సాయం విజయవాడ పిల్లకు దొరకదు, బరంపురం పిల్లకు దొరుకుతుంది. అదే ఒడియాలో అతనికీ ఆమెకూ కలిపి ‘సే’ ఒక్కటే. ‘హి’, ‘షి’ తారుమారు అవుతుంటే అప్పుడు తెలుగులో అనుకుని చూడాలి.

ఇంకొకటి, పరోక్ష వాక్యాలు. ‘రేపు వస్తానని చెప్పింది’ అంటాం మనం. వచ్చేది ఆమె అయినా ‘వస్తాను’ అన్న మాట అలాగే ఉంచేసి, ‘అని’ తగిలించి ఊరుకుంటాం. ఇంగ్లీషులో అక్కడ ‘నేను’ పోయి ‘ఆమె’ రావాలి, కాలం ఒక మెట్టు వెనక్కి జరగాలి, ‘రేపు’ కాస్తా ‘మర్నాడు’ కావాలి. మూడు మార్పులు ఒకేసారి. తెలుగు పిల్లలు ఇక్కడ తప్పు చేయడం తెలివితక్కువతనం వల్ల కాదని, రెండు భాషల కట్టుబాటు వేరు కావడం వల్లనని చెప్పి నేర్పితే వారం రోజుల్లో పట్టుబడుతుంది. రూలు వల్లె వేయిస్తే ఏడాదైనా పట్టుబడదు.

కంపోజిషన్‌కు మాత్రం ఒక్కటే చెబుతాను. ‘వర్షాకాలం’ మీద గైడులోని వ్యాసం వద్దు. బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది కదా. ఒక సాయంత్రం, ఒక వీధి మలుపు, పులివేషం కట్టిన ఒక మనిషి, అతని చెమటకు కరుగుతున్న రంగు. అంతవరకే తీసుకుని 300 మాటలు రాయమనండి. తను చూసినదాన్ని రాస్తున్నప్పుడు పిల్ల మాట కోసం వెతుకుతుంది. భాష వచ్చేది ఆ వెతుకులాటలోనే.

మీ అక్క కొడుకు విషయం. ఇంగ్లండులో పదహారేళ్ళ వయసులో రాసే జీసీఎస్‌ఈలో ఇవి నిజంగానే రెండు సబ్జెక్టులు, రెండు వేర్వేరు గ్రేడులు. మన ఐసీఎస్‌ఈలో లాగా సగటు వేయరు. 2017 నుంచి అక్కడ 9 నుంచి 1 వరకు అంకెల గ్రేడులు ఇస్తున్నారు, 9 అన్నింటికంటే మంచిది. లాంగ్వేజ్‌లో అంతా కొత్త పేరాలే. లిటరేచర్‌లో ఒక షేక్‌స్పియర్ నాటకం, 19వ శతాబ్దపు నవల ఒకటి, 1914 తర్వాతి బ్రిటిష్ నాటకం లేదా కథాసాహిత్యం, కవిత్వం. పరీక్షలోకి పుస్తకం తీసుకువెళ్ళనివ్వరు. నేను పైన చెప్పిన తేడాను వాళ్ళు అంకెల్లోనే పెట్టేశారు: స్పెల్లింగుకూ విరామ చిహ్నాలకూ వ్యాకరణానికీ లాంగ్వేజ్‌లో 20 శాతం మార్కులు, లిటరేచర్‌లో 5 శాతమే. ఆ తర్వాత మన ప్లస్ టూ లాంటి ‘ఎ-లెవెల్’ చదువుకు వెళితే లాంగ్వేజ్ అన్న సబ్జెక్టు రూపమే మారిపోతుంది. పసిపిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారు, ఒక భాష వందల ఏళ్ళలో ఎలా మారుతుంది, ఊరూరికీ యాస ఎందుకు మారుతుంది అన్నవి అక్కడ పాఠాలు. ఇంగ్లీషు వాడటం నేర్చుకోవడం అయిపోయి, ఇంగ్లీషును పరిశీలించడం మొదలవుతుంది. మన బడుల్లో ఈ చదువు లేదు. ఉండాలని నా కోరిక.

మీ వారి మాటలో సగం నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అర్జీ రాయాలన్నా, ఇంటర్వ్యూలో మాట్లాడాలన్నా, ఆఫీసులో వచ్చిన ఉత్తరం చదివి బదులివ్వాలన్నా లాంగ్వేజ్ కావాలి. అది లేకుండా లిటరేచర్ ఎంత చదివినా జవాబు రాయడానికి చెయ్యి రాదు. కానీ మిగిలిన సగం కూడా ఆయన చూడాలి. ఒప్పంద పత్రంలో ‘చేయవచ్చు’ అని ఉందా ‘చేయాలి’ అని ఉందా అన్న ఒక్క మాట మీద వ్యవహారం తారుమారు అవుతుంది. న్యాయవాదికి, విలేకరికి, అనువాదకుడికి, ఉపాధ్యాయుడికి ఒక మాట బరువు తూచగలగడమే వృత్తి. ఆ తూకం లిటరేచర్ తరగతిలో అలవాటవుతుంది. దుకాణంలో కొనేవాళ్ళు ‘బాగుంది’ అన్నప్పుడు అది కొనే ‘బాగుంది’ అవునో, లేచి వెళ్ళిపోయే ‘బాగుంది’ అవునో మీ వారికి వినగానే తెలుస్తుంది. ఆయన చేస్తున్నదీ ఆ తూకమే.

ప్లస్ టూ సంగతి త్వరగా చెబుతాను, ఇందులో భయపడవలసింది తక్కువ. అదే బోర్డులో ఐఎస్‌సీకి వెళితే ఇంగ్లీషు తప్పనిసరి. మళ్ళీ లాంగ్వేజ్, లిటరేచర్ రెండు పేపర్లు, ఒక్కొక్కటి 80 మార్కులు. సైన్సు తీసుకున్నా తప్పదు. సీబీఎస్‌ఈకి మారితే ‘ఇంగ్లీష్ కోర్’, ‘ఇంగ్లీష్ ఎలెక్టివ్’ అని రెండు ఉంటాయి. కోర్ అందరికీ సరిపోయేది. ఎలెక్టివ్‌లో సాహిత్యం పాలు ఎక్కువ, పుస్తకాలంటే ఇష్టం ఉన్న పిల్లకే అది. అక్కడ పదో తరగతి వరకు లాంగ్వేజ్, లిటరేచర్ ఒకే పేపరులో ఉంటాయి. 80 మార్కుల్లో 40 సాహిత్యానివి. మన రాష్ట్ర ప్లస్ టూలోనూ ఏ గ్రూపు తీసుకున్నా ఇంగ్లీషు ఉంటుంది. కాబట్టి ఏ దారిలో వెళ్ళినా లిటరేచర్‌ను తప్పించుకోవాలన్న ఆలోచన ఇప్పుడు వద్దు. మార్కులు చూసి గ్రూపు నిర్ణయించకండి. పదో తరగతి సగం గడిచాక, ఏ పుస్తకం ఎవరూ చెప్పకుండా తెరుస్తోందో చూసి నిర్ణయించండి.

ఆ తర్వాత ప్లస్ త్రీలో, అంటే డిగ్రీలో, ఇంగ్లీష్ ఆనర్సు తీసుకుంటే అది ప్రధానంగా సాహిత్యం. ఈ సంగతి తెలియక, మాట్లాడే ఇంగ్లీషు బాగుపడుతుందనుకుని చేరి ఇబ్బంది పడిన పిల్లలను చాలామందిని చూశాను. భాషను శాస్త్రంగా చదవాలనుకుంటే దాని పేరు లింగ్విస్టిక్స్. మీ ఊరి పక్కనే భంజ విహార్‌లో, 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయంలో, ఇంగ్లీషుకు ఒక శాఖ, లింగ్విస్టిక్స్‌కు ఒక శాఖ వేర్వేరుగా ఉన్నాయి. మీరు అడిగిన తేడా అక్కడ రెండు గదుల మీద బోర్డులు కట్టుకుని కనిపిస్తుంది. ఇంగ్లీషు బోధించడం నేర్చుకోవాలంటే హైదరాబాదులో 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ ఉంది. ఉపాధ్యాయ వృత్తి మీద మనసుంటే భువనేశ్వర్‌లోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో ప్లస్ టూ తర్వాత నేరుగా బీఏ బీఎడ్ కలిపి చేయవచ్చు.

ఇక తెలుగు తగ్గించమన్న సలహా. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. దయచేసి ఆ పని చేయకండి.

మీ ఊరికి మరీ దూరం కాకుండా పర్లాకిమిడి ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష విని, ఒక సవర మనిషిని దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. పుస్తకం లేని భాషకు మాట మాట ఏరి నిఘంటువు కూర్చారు, వ్యాకరణం రాశారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయనే తర్వాత, బడిపిల్లల తెలుగు పుస్తకంలోని భాషకూ జనం మాట్లాడే తెలుగుకూ పొంతన ఎందుకు లేదన్న ప్రశ్న పట్టుకుని పాత కావ్యాలూ శాసనాలూ తిరగేశారు. ఏ కవి ఏ మాట ఎక్కడ ఎలా వాడాడో వెతికి చూపించారు. మీరు అడిగిన రెండు చదువులూ ఆయన దగ్గర ఒకే మనిషిలో ఉన్నాయి. సవర నేర్చుకున్న రామమూర్తి గారు లాంగ్వేజ్ విద్యార్థి, కావ్యాలు తిరగేసిన రామమూర్తి గారు లిటరేచర్ విద్యార్థి. అలాంటి మనిషి ఇంటి భాష పిల్ల చదువుకు అడ్డమని ఏనాడూ అనుకోలేదు. అడ్డం లేకుండా చేయాలనే ఆయన బడులు పెట్టారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలనే చెబుతోంది.

మీ అమ్మాయికి మూడు భాషలు ఉన్నాయి. ఆర్టికల్ దగ్గర ఒడియా, ‘హి’, ‘షి’ల దగ్గర తెలుగు ఆమెకు ఎలా పనికొస్తాయో పైన చెప్పాను. ఇక ఆంటొనీ దగ్గర ఆమెకు కావలసింది అమ్మమ్మ మాట. ఇంట్లో తెలుగు తగ్గితే ఆ అమ్మమ్మ మాట పోతుంది. వీలైతే తెలుగు చదవడం రాయడం కూడా నేర్పండి. వేసవి సెలవుల్లో ఇచ్ఛాపురం పంపితే మీ నాన్నగారో అమ్మగారో నెల రోజుల్లో అక్షరాలు దిద్దిస్తారు.

ఇప్పుడు మీరు చేయవలసింది. వారానికి ఒక్క సాయంత్రం చాలు. వంటింట్లో మీ పని మీరు చేసుకుంటూనే ఉండండి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వారం పాఠం తెలుగులో చెప్పమనండి. మీరు శ్రోతగా ఉండి, మీకు నిజంగా వచ్చిన సందేహాలే అడగండి. ‘మరి వాడు అలా ఎందుకన్నాడు? నిజం చెప్పేయవచ్చు కదా? ఆ మాట విన్నాక ఆవిడ ఎందుకు ఊరుకుంది?’ మన ఇళ్ళలో సీరియల్ చూస్తూ మనం ఒకరినొకరం అడిగే ప్రశ్నలే ఇవి. ఆమె తడబడితే ఆగండి, మీరు జవాబు చెప్పకండి. పుస్తకంలో ఏ మాట వల్ల అలా అనిపించిందో ఆ మాట చూపించమనండి. ఇంగ్లీషు మాటే చూపిస్తుంది, దాని అర్థం మీకు చెబుతుంది. ఆ తర్వాత ఆమె మీకు చెప్పిందే ఇంగ్లీషులో ఒక పేరా రాసుకోవాలి. ఎన్ని తప్పులున్నా ఫరవాలేదు. తప్పులు దిద్దడం లాంగ్వేజ్ టీచరు పని. ట్యూషన్ మాస్టారును మాన్పించాల్సిన అవసరం లేదు. అచ్చు జవాబులు మానేసి ఈ పేరాలు దిద్దిపెట్టమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే అప్పుడు మాన్పించండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. నాటకం పుస్తకం తీయించి, ఆంటొనీ ప్రసంగం గట్టిగా చదివించుకోండి. చదవడం అయ్యాక, మీ పుట్టింట్లో అలా మాట్లాడేవారు ఎవరో ఆమెకు చెప్పండి.